హనోయ్‌లో ఆరని రంగులు: 30 రోజుల ప్రాజెక్టు డైరీ

నా వయస్సు 67. నెల్లూరు జిల్లాలో డ్రాయింగు ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను. ఈ సంవత్సరం ఫిబ్రవరి 20 నుంచి మార్చి 21 వరకు వియత్నాం రాజధాని హనోయ్‌లో మా మేనల్లుడి ఇంట ఉండి, అక్కడి వీధుల్లోని దినచర్యను నీటిరంగుల్లో చిత్రించాను. 30 చిత్రాలు లక్ష్యంగా పెట్టుకున్నాను, 21 మిగిలాయి. ఆ తొమ్మిది ఎక్కడ పోయాయో, వాటితోపాటు ఎంత కాగితం పోయిందో వరుసగా రాస్తున్నాను. ఇదే కాలంలో ఆ ప్రాంతానికి పెట్టె సర్దుకునేవారికి కొంత నష్టమైనా తప్పుతుంది.

మొదటి దశ: నెల్లూరులో సన్నాహం

మే నెల మధ్యాహ్నం పెద్దబజారులో ఒక అరుగు మీద కూర్చుని ఆకాశానికి వాష్ (పలుచని రంగునీళ్ల పూత) వేస్తే, కుంచె కుడి అంచుకు చేరేలోగా ఎడమ అంచు ఆరిపోయి గీత పడుతుంది. నలభై ఏళ్లుగా నా పద్ధతులన్నీ ఈ ఒక్క బాధను తప్పించుకోవడానికి అలవడినవే. ట్యూబులోని రంగును చిన్న గుంటల్లోకి నింపుకునేటప్పుడు ఒక్కొక్క దానిలో రెండు చుక్కల గ్లిజరిన్, ఒక చుక్క తేనె కలుపుతాను. అలా కలిపితే రంగు ఎండి పగుళ్లిచ్చి రాలిపోదు, కాగితం మీద కూడా కొంతసేపు తడిగా నిలుస్తుంది. ఆ అలవాటు ప్రకారమే హనోయ్ ప్రయాణానికి 14 గుంటలు నింపాను. తరువాత జరిగిన నష్టంలో సగం ఆ రోజే నా చేతులతో నేను తయారుచేసుకున్నదే.

తీసుకెళ్లిన సామాను, బరువులు:

1. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) కాటన్ కాగితం 12 పూర్తి షీట్లు, ఒక్కొక్కటి నాలుగుగా కోయగా 15 × 11 అంగుళాలవి 48: 1,500 గ్రాములు.
2. 4 మి.మీ. ప్లైవుడ్ బోర్డు: 370 గ్రాములు.
3. రంగుల పెట్టె, కుంచెలు: 600 గ్రాములు.
4. కాన్వాసు కూర్చునే పట్టా ఉన్న కొయ్య ముక్కాలిపీట, ఎత్తు 45 సెం.మీ.: 900 గ్రాములు.
5. కాగితాన్ని బోర్డుకు అంటించే గమ్ టేపు, నీటి సీసా, గాలిలో తేమను కొలిచే హైగ్రోమీటరు, పెన్సిళ్లు, వాటర్‌ప్రూఫ్ సిరా పెన్ను: 800 గ్రాములు.

మొత్తం 4.17 కిలోలు. సంచి ఒక భుజానికి వేసుకుని ట్రంకు రోడ్డు మీద 40 నిమిషాలు నడిచి చూశాను. 5 కిలోలు దాటితే మరుసటి రోజు నా కుడి భుజం పనికిరాదని తేలింది కాబట్టి అక్కడితో ఆపాను.

రెండవ దశ: 1 నుంచి 5 రోజులు. పాడైనవే ఎక్కువ

మొదటి ఉదయం హొవాన్ కియెమ్ చెరువు గట్టున కూర్చున్నాను. ఉష్ణోగ్రత 20 డిగ్రీలు, హైగ్రోమీటరులో తేమ 95 శాతం. వాన అనడానికి వీల్లేని సన్నని తుంపర గాలిలో వేలాడుతున్నది. ఆకాశానికి వాష్ వేసి, ఆరిన తరువాత చెట్లు వేద్దామని గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. నెల్లూరులో మే నెల నీడలో ఇదే కాగితం మీద ఇదే వాష్‌కు నేను నమోదు చేసుకున్న సమయం 5 నిమిషాలు. ఇక్కడ 58 నిమిషాలు పట్టింది. ఓపిక పట్టలేక 30వ నిమిషంలో చెట్ల ఆకుపచ్చను తాకించగా అది ఆకాశంలోకి పాకి, గోబీపువ్వు ఆకారంలో మచ్చలు కట్టింది. రెండవ రోజు, మూడవ రోజు కూడా ఇదే జరిగింది.

సాయంత్రం గదికి తిరిగి వచ్చి, తడి కాగితాలు ఆరాలని నెల్లూరు అలవాటు చొప్పున కిటికీ బార్లా తెరిచాను. గంట గడిచేసరికి నేల మీద నీళ్లు చల్లినట్లు చెమ్మ పట్టింది, గోడలు చెమర్చాయి. ఆఫీసు నుంచి వచ్చిన మేనల్లుడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

“మామయ్యా, ముందు ఆ కిటికీ మూయండి. ఇక్కడ ఈ నెలల్లో గాలి తగిలితే ఆరదు, తడుస్తుంది.”

దీనిని అక్కడివారు ‘నోమ్’ అంటారు. చలికాలపు ఈశాన్య గాలులతో నేల, గోడలు చల్లబడి ఉండగా, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య సముద్రం వైపు నుంచి వెచ్చని తేమగాలి వీచినప్పుడు, ఐస్ నీళ్ల చెంబుకు పట్టినట్లు ఇల్లంతటికీ చెమ్మ పడుతుంది. అక్కడివారు ఆ రోజుల్లో తలుపులు బిగించి, ఏసీని డ్రై పద్ధతిలో పెట్టుకుంటారు. మనకు కార్తీకంలో ముసురు పట్టినప్పుడు నేను ఎన్నడూ బయట కూర్చుని బొమ్మ వేయలేదు. నలభై ఏళ్లలో నేను నేర్చుకోకుండా తప్పించుకున్న పాఠమే పరాయి దేశంలో ఎదురైంది.

మూడవ రోజు రాత్రి పెట్టె తెరిచి చూడగా, గ్లిజరిన్, తేనె గాలిలోని తేమను పీల్చుకుని గుంటల్లోని రంగులు పాకంలా జారాయి. పసుపు రంగు నీలంలోకి, నీలం ఎరుపులోకి చేరి, 14 రంగుల్లో 5 పనికిరాని బురదగా మారాయి. గమ్ టేపు చుట్ట మొత్తం ఒకదానికొకటి అంటుకుని కొయ్యముక్కలా గట్టిపడింది. దానిని విప్పడానికి కత్తి కూడా పనిచేయలేదు.

లెక్క: వాడిన కాగితాలు 7. నిలిచినది 1. పాడైనవి 6. చిత్రాల కోసం ఖర్చు 85,000 డాంగులు. రూపాయికి సుమారు 300 డాంగుల లెక్కన చూసుకోవచ్చు.

మూడవ దశ: 6 నుంచి 12 రోజులు. కొలిచి మార్చినవి

ఆరవ రోజు బయటికి వెళ్లలేదు. ఒక కాగితాన్ని పట్టీలుగా కోసి, మందుల దుకాణంలో దొరికే 90 శాతం ఆల్కహాలును రంగు నీళ్లలో వేర్వేరు పాళ్లలో కలిపి, బాల్కనీలో 95 శాతం తేమలో ఆరబెట్టి చూశాను.

1. వట్టి నీళ్లు: 58 నిమిషాలు.
2. పదింట ఒక వంతు ఆల్కహాలు: 49 నిమిషాలు.
3. అయిదింట ఒక వంతు: 41 నిమిషాలు.
4. మూడింట ఒక వంతు: 33 నిమిషాలు, కానీ రంగు కాగితంలోకి ఇంకిపోయి వెలిసినట్లు కనిపించింది.

మూడవదాన్ని, అంటే అయిదింట ఒక వంతును ఎంచుకున్నాను. ఆల్కహాలును విమానంలో తీసుకెళ్లాలని ప్రయత్నించవద్దు, అక్కడే కొనుక్కోవాలి. టీ కొట్టు బొగ్గుల కుంపటి పక్కన ఆ సీసా మూత తీయరాదు. జంతువుల వెంట్రుకల కుంచెలు దీనికి పెళుసెక్కుతాయి కాబట్టి సింథటిక్ కుంచెలే వాడాను. ఏసీ డ్రై పద్ధతిలో ఉన్న గదిలో తేమ 62 శాతానికి దిగినప్పుడు వట్టి నీళ్ల వాష్ కూడా 20 నిమిషాల్లో ఆరింది. అంటే గదిలో చేయదగిన పని వేరు, వీధిలో చేయదగిన పని వేరు అని విడదీసుకోవలసి వచ్చింది.

అయితే ఆల్కహాలు వల్ల దక్కినది 17 నిమిషాలు మాత్రమే. 41 నిమిషాలు ఆగితే కూరగాయల బుట్టతో కూర్చున్న మనిషి అమ్ముకుని ఇంటికి వెళ్లిపోతుంది. అసలు మార్పు పద్ధతిలో రావలసి ఉన్నది. మొదట వాటర్‌ప్రూఫ్ సిరాతో గీసి పైన రంగు వేద్దామని చూశాను. సిరా కూడా రంగులాంటిదే, పావుగంట తరువాత కూడా ఆరక ముద్దయింది, దానితో రెండు కాగితాలు పోయాయి. పెన్సిలుకు తేమతో పేచీ లేదు. 4బీ పెన్సిలుతో నల్లగా గీసి, ఆరబెట్టడం అనే మాటనే మరచి, ఒకే విడతలో ముగించే క్రమం కుదిరింది:

1. పెన్సిలుతో గీత, 10 నిమిషాలు. ముదురు చోట్లను పెన్సిలుతోనే నింపాలి.
2. కాగితం మొత్తానికి ఒకే లేత బూడిద వాష్. మనుషులు ఉన్నచోట పొడిగా వదలాలి.
3. అది తడిగా ఉండగానే చిక్కని రంగుతో దూరపు గోడలు, చెట్లు. అవి పాకనివ్వాలి.
4. వదిలిన పొడి చోట్లలో, దాదాపు నీళ్లు లేని కుంచెతో మనుషులు.
5. అక్కడితో ఆపి, బోర్డును అడ్డంగా పట్టుకుని గదికి చేరాలి. మిగతా సవరణలు గదిలోనే.

రెండవ మెట్టులోని బూడిద రంగు గురించి కొంత వివరంగా రాయాలి. మన ఊళ్లో బొమ్మకు ఎముక నీడ. సంతపేటలో ఉల్లిపాయల బస్తా వేయాలంటే ముందు దాని నీడ వేస్తాను, ఆ తరువాత బస్తా దానంతట అదే లేచి నిలుచుంటుంది. హనోయ్‌లో ఆ 30 రోజుల్లో నీడ నేలమీద స్పష్టంగా పడినది నాలుగు పూటలే. అలవాటు కొద్దీ లేని నీడలు వేసిన మూడు బొమ్మలు హనోయ్‌లా కాక, ఎవరో నెల్లూరు వీధిలో వియత్నాం కోసు టోపీలు పంచిపెట్టినట్లు కనిపించాయి. పదవ రోజు లలితకళల మ్యూజియానికి వెళ్లి, బుయ్ సువాన్ ఫాయ్ చిత్రాల ముందు చాలాసేపు నిలబడ్డాను. 1920లో పుట్టి 1988లో మరణించిన ఈ చిత్రకారుడు పాతబస్తీ వీధులను ఎంతగా వేశాడంటే, అక్కడివారు ఆయన బొమ్మల్లోని ఆ వీధులను ‘ఫాయ్ వీధులు’ అని పిలుస్తారు. ఆయన గోడలు మసిబారిన బూడిద, గోధుమ రంగుల్లో, నల్లని గీతల మధ్య ఉంటాయి. పుస్తకాల్లో చూసినప్పుడు అది ఆయన మనసులోని దిగులు అనుకునేవాడిని. బయటికి వచ్చి రోడ్డు చూస్తే అది వాతావరణమే అని కూడా అర్థమైంది. ఆ రోజు నుంచి నీడకు బదులు దూరంతో ముదురు, లేత విభజించాను. పది అడుగుల్లోని మనిషి ముదురు, ముప్పై అడుగుల్లోని మనిషి నడిమి రంగు, ఆపైన ఉన్నదంతా ఆకాశంతో కలిసిపోయే లేత. గోధుమ, ఎరుపు మట్టి రంగులు పెట్టెలో దాదాపు తాకకుండా ఉండిపోగా, నీలం, ముదురు గోధుమ కలిపి చేసే బూడిదకే ట్యూబు ఖాళీ అయింది.

టేపుకు బదులు నాలుగు ఉక్కు క్లిప్పులు కొన్నాను. గుంటల్లోని పాత రంగు గీకేసి, గ్లిజరిన్ లేకుండా ట్యూబు నుంచి నేరుగా వాడాను.

లెక్క: ఈ దశలో వాడినవి 10. నిలిచినవి 4, పాడైనవి 5, పరీక్షకు కోసినది 1. ఇప్పటివరకు వాడినవి 17, నిలిచినవి 5, పాడైనవి 11, పరీక్షకు 1. ఖర్చు 2,75,000 డాంగులు.

నాలుగవ దశ: 13 నుంచి 22 రోజులు. పీట ఎత్తు, కావడి, అనుమతి

రంగులు దారికి వచ్చిన తరువాత బయటపడినది మరొక లోపం. నా బొమ్మల్లో మనుషులకు ముఖాలు లేవు, టోపీలు మాత్రమే ఉన్నాయి. కొలిచి చూడగా కారణం తెలిసింది. నా ముక్కాలిపీట 45 సెం.మీ., దాని మీద కూర్చుంటే నా కళ్లు నేలకు 120 సెం.మీ. ఎత్తులో ఉంటాయి. ఫుట్‌పాత్ టీ కొట్ల వద్ద వేసే ప్లాస్టిక్ పీటల ఎత్తు 24 సెం.మీ., వాటిమీద కూర్చున్నవారి కళ్లు సుమారు 96 సెం.మీ. దగ్గర ఉంటాయి. పై నుంచి చూసేవాడికి కోసుగా ఉండే ఆ టోపీ అంచు గడ్డం వరకు కప్పేస్తుంది. ఆ ఊరు మొత్తం నేలకు దగ్గరగా కూర్చుని తింటుంది, తాగుతుంది, అమ్ముతుంది, వాదించుకుంటుంది. నేను ఒక్కడినే హెడ్మాస్టరు కుర్చీలో కూర్చున్నట్లు పై నుంచి చూస్తున్నాను.

24 సెం.మీ. పీట మీద నా మోకాళ్లు 12 నిమిషాలు నిలిచాయి. ఆ తరువాత లేవడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. హాంగ్ థియెక్ వీధిలో రేకు పనివారి దుకాణాల ఎదుట టీ అమ్మే పెద్దావిడ ఇది చూసి, ఏమీ అనకుండా మూడు పీటలను ఒకదానిలో ఒకటి దూర్చి నా ముందు పెట్టింది. మొదటిదాని పైన చేరే ఒక్కొక్క పీట 4.5 సెం.మీ. పెంచుతుంది కాబట్టి మొత్తం 33 సెం.మీ. నా కళ్లు 108కి దిగాయి, మోకాళ్లు 50 నిమిషాలు ఓర్చుకున్నాయి, టోపీల కింద ముఖాలు కనిపించాయి. ఈ మొత్తం ప్రాజెక్టులో అన్నిటికంటే పనికివచ్చిన మార్పు ఇదే. దానికి నాకైన ఖర్చు 5,000 డాంగుల గ్లాసుడు టీ.

ఆ వీధిలోనే రెండు రోజులు కూర్చున్నాను. రేకును కత్తిరించి, మడిచి, సుత్తితో కొట్టి డబ్బాలు, గొట్టాలు చేసేవారు ఒకే కదలికను వందసార్లు చేస్తారు కాబట్టి ముసలి చేతికి అనుకూలం, తప్పిన గీతను మళ్లీ పట్టుకోవచ్చు. నడిచే మనుషులతో అలా కుదరదు. వీధుల్లో పళ్లు, పూలు, వంటకాలు అమ్మే స్త్రీలు మోసేది అచ్చంగా మన కావడి. వెదురు బద్ద ఒక భుజం మీద, ముందొక గంప, వెనకొక గంప. చిన్నతనంలో మా ఊళ్లో కావళ్లతో నీళ్లు మోయడం చూసినవాడిని కనుక ఇది నాకు తెలిసిన బొమ్మే అనుకుని చూడకుండా గీశాను, నాలుగు కాగితాలు పోగొట్టుకున్నాను. తప్పులు ఇవి:

1. బద్దను తిన్నగా గీశాను. బరువుకు అది రెండు చివరలా కిందికి వంగి ఉంటుంది, అడుగు అడుగుకూ ఊగుతుంది.
2. గంపలను నడుము ఎత్తులో వేలాడదీశాను. అవి మోకాలి కిందికి, దాదాపు పిక్క దగ్గర ఉంటాయి. దించడానికి కొద్దిగా వంగితే చాలు.
3. మనిషిని నిటారుగా నిలిపాను. ఆ నడకలో మోకాళ్లు ఎప్పుడూ కొంచెం మడిచే ఉంటాయి, అడుగులు పొట్టిగా, వడిగా పడతాయి.

చేతిపుస్తకంలో 60 చిన్న గీతబొమ్మలు వేసిన తరువాతే మళ్లీ కాగితం తీశాను. తెలిసిన వస్తువును పరాయి ఊళ్లో చూసినప్పుడు కన్ను సోమరిపోతు అవుతుంది, జాగ్రత్త.

అనుమతి విషయంలో కూడా ఒక తప్పు చేశాను. డోంగ్ సువాన్ మార్కెట్ బయట ఒక ఆకుకూరల ఆవిడను అడగకుండా గీస్తుండగా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, గంపలు ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆవిడ బేరాన్ని నేను చెడగొట్టాను. ఆ తరువాత పాటించిన క్రమం: ముందు ఏదైనా కొనడం, తరువాత పుస్తకంలోని పాత బొమ్మలు చూపడం, పెన్సిలు చూపి తల ఊపి అడగడం. ఒప్పుకున్నవారు వెంటనే ఫొటోకు నిలబడినట్లు బిగుసుకుంటారు. అందుకే మొదటి పది నిమిషాలు వెనకాల గోడ, వైర్లు గీస్తూ గడిపేవాడిని. ఈలోగా వారికి విసుగు పుట్టి పనిలో పడేవారు.

20వ రోజు లోంగ్ బియెన్ వంతెన మీద ఒక పూట. 1902లో పూర్తయిన ఈ ఇనుప వంతెన మీద రైలు పట్టాల పక్కనే మోటారుసైకిళ్లు, సైకిళ్లు, నడిచేవారు వెళతారు. గాలి బాగా ఉండటం వల్ల వాష్ 35 నిమిషాల్లో ఆరింది, అయితే బండ్లు వెళ్లినప్పుడల్లా వంతెన అదిరి, కటకటాలకు ఆనించిన బోర్డు మీద గీతలు వంకర్లు పోయాయి. బోర్డును ఒడిలో పెట్టుకుంటే అదురు చాలావరకు తగ్గింది.

లెక్క: ఈ దశలో వాడినవి 16. నిలిచినవి 11, పాడైనవి 5. ఇప్పటివరకు వాడినవి 33, నిలిచినవి 16, పాడైనవి 16, పరీక్షకు 1. ఖర్చు 6,15,000 డాంగులు.

అయిదవ దశ: 23 నుంచి 30 రోజులు, తిరుగు ప్రయాణం

ఈ ఎనిమిది రోజుల్లో వాడిన 9 కాగితాల్లో 7 నిలిచాయి, 2 పోయాయి. పద్ధతి కుదిరిన తరువాత చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చెప్పవలసినది బూజు గురించి.

పూర్తయిన చిత్రాలను ఒకదాని మీద ఒకటి వేసి, మధ్యలో వార్తాపత్రికలు పెట్టి, ప్లాస్టిక్ సంచిలో బిగించాను. 26వ రోజు తీసి చూస్తే అడుగున ఉన్న రెండింటి మీద బూడిద రంగు చుక్కలు. పత్రిక తేమను పీల్చి అక్కడే పట్టి ఉంచింది, ప్లాస్టిక్ దానిని బయటికి పోనివ్వలేదు. మిగతావాటిని కాపాడిన విధానం ఇది:

1. చిత్రాలన్నిటినీ డ్రై పద్ధతిలో ఉన్న గదిలో తాడుకు ఒక రాత్రి వేలాడదీశాను.
2. గులాబి రంగుకు మారిన సిలికా జెల్ గుళికలను వంటకు వాడని పాత పెనం మీద సన్నని సెగన తిరిగి నీలం రంగు వచ్చేవరకు వేడిచేశాను. నీలం గుళికల్లో కోబాల్టు ఉంటుంది కాబట్టి ఆ పెనాన్ని మళ్లీ వంటకు వాడరాదు.
3. పత్రికలు తీసేసి, మైనపు పూత లేని తెల్లకాగితం మధ్యన పెట్టాను.
4. సిలికా సంచులతో సహా గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి, రెండు రోజులకొకసారి రంగు చూశాను.

నెల్లూరు చేరిన మూడవ నాటికి ఇంకొక చిక్కు. అక్కడ తేమకు మెత్తబడిన కాగితాలు ఇక్కడి మార్చి ఎండకు బిగుసుకుని అప్పడాల్లా వంగాయి. వెనుకవైపు తడి స్పంజితో లేతగా తుడిచి, రెండు పలకల మధ్య బరువు పెట్టి నాలుగు రోజులు ఉంచగా చదునయ్యాయి.

చివరి లెక్క: మొత్తం 48. వాడినవి 42. బూజుకు పోయిన రెండింటిని తీసేస్తే నిలిచినవి 21, పాడైనవి 20, పరీక్షకు 1. తెల్లగా తిరిగి వచ్చినవి 6. చిత్రాల కోసం ఖర్చు 7,35,000 డాంగులు, అంటే సుమారు 2,450 రూపాయలు.

ఆ ఆరు తెల్లకాగితాల మీద ఒక్కొక్క వాష్ వేసి చూశాను. రెండింటిలో రంగు అక్కడక్కడ అద్దుడు కాగితం మీద పడినట్లు ఇంకింది. తేమలో నెల రోజులు ఉండి వాటి జిగురు పూత దెబ్బతిన్నది, ఇక అవి పరీక్ష పట్టీలకే పనికివస్తాయి. ముక్కాలిపీటను 33 సెం.మీ.కు తగ్గించమని ఉదయగిరిలో కొయ్య చెంచాలు చేసే ఒక పనివాడికి ఇచ్చాను. కాళ్లు కోస్తే కింద వ్యాప్తి తగ్గి పీట ఒరుగుతుందనీ, మధ్యన ఉన్న బోల్టును కూడా కిందికి దించాలనీ అతడు చెప్పాడు. ఆ తరువాత నన్ను తన అరుగు మీద కూర్చోబెట్టి, మోకాలి నుంచి మడమ వరకు టేపుతో కొలిచి, “అయ్యవారూ, 36కు తగ్గితే మీరు లేవలేరు” అన్నాడు. 36కే ఒప్పుకున్నాను. వచ్చే వారం తెచ్చుకోవాలి.